ఇసుకగూటిలోని యానందము



తైత్తిరీయోపనిషత్తున భృగువల్లి యందు వరుణుని కుమారుఁడగు భృగువు తండ్రికడ కేఁగి బ్రహ్మము నెఱిఁగింపుమని వేఁడిన కథ మీలోఁ బెక్కండ్రు చదివియే యుందురు. తండ్రి సర్వము నుపదేశించి పంపివేయలేదు. తపస్సు చేసి తెలిసికొమ్మనెను. కుమారుఁడు మొదట నన్నమే బ్రహ్మమనుకొనెను; పిమ్మటఁ బ్రాణమనియు, మనస్సనియు, విజ్ఞానమనియుఁ దలఁచెను; తుదకు నానందమే బ్రహ్మమని కనుఁగొనెను. అయిదుమాఱులు తపస్సు చేసినఁ గాని యాతని కా తుదిమాట చిక్కలేదు.

ఈ కథ చదివినప్పుడెల్ల మాకొక సంశయము పొడముచుండును. ఆనందము తుదిమెట్టుమీఁదనే యున్నదైనచో, మెట్టెక్కనేరని పసిబిడ్డ కది యెట్లు దొరకినది? అన్నమునకును బ్రాణమునకును భేదమెఱుఁగని మూఁడేండ్ల పిల్ల, మధ్యాహ్నపుటెండ తగ్గి యింటిగోడ నీడ వాకిటఁ బడిన వేళ, నాలుగు చింతగింజలు ముందు వేసికొని గంటసేపు తనలోఁ దాను నవ్వుకొనుచుండుట మనమందఱ మెఱుఁగుదుము. ఆ నవ్వు దేనిది? ఎవ్వరు నేర్పిరి? నేఁటి మా ప్రసంగమున కీ ప్రశ్నయే విషయము. ఇది కడుఁ జిన్న విషయమని మీకుఁ దోఁచినచో క్షమింపుఁడు. పెద్ద విషయములను గూర్చి మన సభలలోఁ దఱచుగా వినుచునే యున్నారము.

వేసవికాలమున ధవళేశ్వరపు టానకట్టకు దిగువను గోదావరి చిక్కి యిసుకతిన్నెలు బయలుపడినపు డచ్చటి పిల్లలాడుకొనుట చూడుఁడు. ఒక బాలిక తడియిసుకలోఁ బాదమునుంచును. పాదముమీఁద నిసుకను గుప్పగాఁ బోసి యరచేతితో మెల్లమెల్లగఁ దట్టును. మిక్కిలి పొడియైన యిసుక నిలువదు. మిక్కిలి తడియైన యిసుక జాఱిపోవును. ఆ నడిమి పదును చేయి యెఱుఁగును గాని మాట యెఱుఁగదు. తట్టిన పిమ్మట నూపిరి బిగఁబట్టి పాదమును మెల్లగా వెనుకకుఁ దీసికొనును. గూడు నిలిచినదా, ఆమె మొగము వెలుఁగును. కూలినదా, ఒక్క నిమేషము చిన్నఁబోయి మఱలఁ బాదము పెట్టును. దీనినే మనవారు పిచ్చుకగూడందురు. అందుఁ బిచ్చుక కాఁపురముండదు. దాని నెవ్వరు నద్దెకుఁ దీసికొనరు. చీఁకటి పడకమున్నే కట్టిన పిల్లయే దానిని గాలితోఁ దన్ని నవ్వుచు నిల్లు చేరును. మనమైతిమా, ఇంటిగోడ కొక బీట పడినచో నారాత్రి నిద్రపోము.

ఈ యానందమునకుఁ గావలసిన సామగ్రి యెంత స్వల్పమో లెక్కించి చూడుఁడు. అచ్చనగాయల కైదు గులకరాళ్లుగాని గచ్చకాయలుగాని చాలును. తొక్కుడుబిళ్లకు నేలమీఁద బొగ్గుతో గీచిన గడులును, ఒక పెంకుముక్కయు. వామనగుంటలకు వరుస కేడు చొప్పున రెండు వరుసల గుంటలును, గుప్పెడు చింతగింజలును. చెక్కపీఁట లేనివారు మట్టిలోనే గుంటలు త్రవ్వుకొందురు. పులిజూదమున మూఁడు పులులు, పదునైదు మేఁకలు. పులి యొక పెద్దరాయి, మేఁక యొక చిన్నరాయి. వైశాఖజ్యేష్ఠములలో ముంజెలు తిని పాఱవైచిన తాటికాయలు రెండు తీసి, నడుమఁ బుల్ల గ్రుచ్చి, పంగలకఱ్ఱతోఁ దోయుచుఁ బరుగెత్తు పల్లెబాలుని మీరు చూచియుందురు. ఆ బండిని మించిన బండి యీ లోకమున నింకను నిర్మింపఁబడలేదని యాతని నిశ్చయము. దానికి నూనె యక్కఱలేదు. ఎండి పగిలెనా, మఱునాఁడు మఱి రెండు కాయలు.

కొండపల్లిలోఁ దెల్లపొణికికఱ్ఱతోను, ఏటికొప్పాకలో నంకుడుకఱ్ఱను లక్కరంగుల మెఱపించియు మన పనివారు చేయు బొమ్మలు మిక్కిలి సుందరములు. వానిని మేము తక్కువ చేయుటలేదు. అట్టి పనితనము నిలుపుట మన విధియే. అయినను, కొని తెచ్చిన బొమ్మతో బిడ్డ రెండుదినము లాడి, మూఁడవదినమున నా బొమ్మ వచ్చిన యట్టపెట్టెలోఁ దాను గూర్చుండి 'ఇది పడవ' యనుట తల్లిదండ్రులందఱు నెఱిఁగిన సంగతి. తండ్రి చిన్నఁబుచ్చుకొనును, ఇంత వెలపెట్టి తెచ్చితినే యని. చిన్నఁబుచ్చుకొన నక్కఱలేదు. గుఱ్ఱపుబొమ్మ గుఱ్ఱము మాత్రమే కాఁగలదు. పెట్టె పడవ కాఁగలదు, గుహ కాఁగలదు, అంగడి కాఁగలదు, దొంగల నుంచు చెఱసాల కాఁగలదు. మనము సంపూర్ణముగఁ జేసి యిచ్చిన వస్తువులో బిడ్డ చేయవలసినది కొంచెమే. పరమేశ్వరుఁడు మనకీ లోకము నెల్లఁ దీర్చిదిద్ది యీయక, ఱాయిని ఱాయిగను మట్టిని మట్టిగను విడిచి యుంచుటయందు నిట్టి దయయే కలదేమో యని యొక్కొక్కప్పుడు మాకుఁ దోఁచును.

గుజ్జనగూళ్ల మాట వేఱుగాఁ జెప్పవలయును. చిట్టిముంతలో నిసుక బియ్యము, తుంచిన యాకులు కూర, ఇటుకపొడి కారము. గృహిణికి నాలుగేండ్లు, అతిథికి మూఁడు. ఆమె మొగమోటపడవలదని బలవంతపెట్టి వడ్డించును. అతిథి యిసుకను నోటికడ కెత్తి, పెదవులకుఁ దాఁకింపకయే నమలి, కూరలో నుప్పు చాలలేదనును. కఠినవ్రతులగు కొందఱు సజ్జనులు దీనిని సందేహింతురు. ఇసుకను అన్నమనుట యసత్యము కాదా, అసత్యమును జిన్ననాఁటనే యలవాటు చేయనగునా యని వారి ప్రశ్న. బొమ్మను జూచినంతనే విగ్రహమని యులికిపడు మిత్రులును లేకపోలేదు.

వారి సత్యనిష్ఠను మేము గౌరవింతుము. కాని వారు బిడ్డను సరిగాఁ జూడలేదు. ఆ యతిథి యిసుకను మ్రింగలేదు గదా! ఇసుక యిసుకయే యని యాతఁ డెఱుఁగును. అది యన్నమని యొప్పుకొనుటయు నెఱుఁగును. ఈ రెండెఱుకలును ఒకదాని నొకటి చెఱుపక యా చిన్న మనసున నిలిచియున్నవి. అబద్ధమాడువాఁడు ఎదుటివానిని మోసపుచ్చఁగోరును. గుజ్జనగూళ్లలో మోసపోవువాఁడే లేఁడు. అందఱు నెఱిఁగి, అందఱు నంగీకరించి, లేనిదానిని నలుగురుగూడి యున్నదానినిగాఁ బట్టి నిలుపుదురు. ఎవఁడైనను నడుమ లేచి 'ఇది వట్టి యిసుక' యని చాటినచో వాఁడు సత్యవాది యనిపించుకొనఁడు, ఆట చెఱచినవాఁడనిపించుకొనును. ఈ తీర్పు న్యాయమైనదే యని మా యభిప్రాయము.

ఆటయనఁగా నిష్టమువచ్చినట్లు తిరుగుట యనియు, నియమము బడిలోనే మొదలగుననియు మనలో నొక భ్రాంతి కలదు. రష్యాదేశపు మనశ్శాస్త్రజ్ఞుఁడు లెవ్ వైగోట్స్కీ 1933వ సంవత్సరమున లెనిన్‌గ్రాడు నగరమునఁ జేసిన యుపన్యాసములో నీ భ్రాంతినే ఖండించెను. నియమము లేని యాట లేదనియు, బిడ్డ తన తత్క్షణపు కోరిక నణఁచుకొని నియమమునకు లోఁబడుటయందే యాటలోని గొప్ప సుఖ మున్నదనియు నాతఁడు చూపెను. ఇద్దఱక్కచెల్లెండ్రు అక్కచెల్లెండ్రాట యాడుకొనిన యుదాహరణము నాతఁ డెత్తుకొనెను. దినమెల్ల వారు అక్కచెల్లెండ్రే. కాని యాట యందు మాత్రము అక్క యనఁగా నెట్లుండవలెను, చెల్లెలనఁగా నెట్లుండవలెను అని తలఁచి యట్లు నడచుకొందురు. మనమును మన యింటఁ గొంతసేపు అన్నదమ్ములాట యాడిన బాగుండునేమో! ఆస్తిపంపకముల వ్యాజ్యెములు కొన్ని తగ్గియుండును.

తొక్కుడుబిళ్ల యాడు బాలిక ఒంటికాలిమీఁద గెంతుచుఁ బోయి గీఁత ద్రొక్కినపుడు, చూచినవా రెవ్వరు లేకున్నను దానే యాగి బిళ్ల నిచ్చివేయుట మేము పలుమాఱు చూచితిమి. అందఱు నట్లే చేయుదురని మేము చెప్పము. గోలీలలో దొంగలెక్కలు చెప్పువారును, ఓడినంతనే గోలీలు దీసికొని యింటికిఁ బాఱిపోవువారును గలరు. బిడ్డలు దేవతలని పాడుట కవుల పని. వారితో మధ్యాహ్నము గడపినవారి కట్టి భ్రమ యుండదు. పోట్లాటలు, అలుకలు, దుర్బలుని వెక్కిరించుటలు నందు లేకపోలేదు. కాని పోట్లాట యెంత పెద్దదైనను ఆట నిలిచిపోవునేమో యను భయము దానికంటెఁ బెద్దది. కావున రాజీ త్వరగాఁ గుదురును. న్యాయవాదులు లేని యీ న్యాయస్థానమున వ్యాజ్యెములు మఱునాఁటికి మిగులవు.

ఆ న్యాయశాస్త్రములో నొక్క విధి మమ్ము మిక్కిలి యాశ్చర్యపఱచినది. అయిదారేండ్లవా రాడుచుండఁగా మూఁడేండ్ల తమ్ముఁడొకఁడు వెంటఁబడి యేడ్చును. వానికిఁ బరుగు రాదు, లెక్క రాదు, దాఁగుడుమూఁతలలో దాఁగుమనినచో నిలిచి నవ్వును. వానిని జేర్చుకొనినచో నాట చెడును; త్రోసివేసినచో వాఁడేడ్చును. ఈ చిక్కును మన తెలుగుపిల్లలు ఎన్ని తరములక్రిందటనో విడఁదీసిరి. వాఁడు 'ఆటలో అరటిపండు' అని తీర్మానించిరి. అరటిపండు అందఱితోపాటు పరుగెత్తును, అందఱితోపాటు కేకలువేయును. కాని వానిని బట్టుకొన్నను దొంగ కాఁడు, గీఁత ద్రొక్కినను ఓడఁడు. నియమము నియమముగనే నిలిచినది. అశక్తుఁడును ఆవలఁ బడలేదు. వానికిఁ దా నరటిపండ నను సంగతియే తెలియదు, తానును సరిగా నాడుచుంటి ననుకొని పరమానందభరితుఁడగును. తెలిసినవారును దెలియనీయరు. అందులోని సౌజన్యమును గమనింపుఁడు! పెద్దల లోకములో నీ మాటను బరిహాసముగా వాడుకొనుచున్నాము. సభలోఁ బనికిరానివానిని జూపి, వాఁడాటలో నరటిపండని నవ్వుచున్నాము. పిల్లలు దయతోఁ గల్పించిన పదవిని మనము తిట్టుగా మార్చితిమి. ధర్మశాస్త్రములు వ్రాసిన పండితులు దుర్బలునికై యేర్పఱచిన మినహాయింపులలో నింత నిశ్శబ్దముగ, నింత గౌరవముతోఁ జేయఁబడినది మాకుఁ గనఁబడలేదు.

ఇఁక శాస్త్రముమాట. పూర్ణకాముఁడగు బ్రహ్మము ప్రపంచమును సృజింపనేల యను ప్రశ్నకు బాదరాయణుఁడు బ్రహ్మసూత్రముల రెండవ యధ్యాయము మొదటి పాదమున నిచ్చిన సమాధానము మీ రెఱుఁగుదురు. కొఱఁత యున్నవాఁడే ప్రయోజనముకొఱకుఁ బని చేయును. కొఱఁతలేనివాని పని లోకములోవలెఁ గేవలము లీల. దీనికి శంకరాచార్యులు భాష్యమున రెండుదృష్టాంతము లిచ్చిరి. కోరికలన్నియుఁ దీఱిన రాజుగాని యాతని మంత్రిగాని విహారస్థలములఁ గ్రీడించుట యొకటి. ఉచ్ఛ్వాసనిశ్వాసములు ప్రయోజనము నపేక్షింపక స్వభావముచేతనే నడచుట రెండవది. ఆచార్యులయెడ మిక్కిలి భక్తితోనే యొక్కమాట విన్నవించుకొందుము. రాజుకంటె బిడ్డ మంచి దృష్టాంతము. రాజు ఉద్యానమునకుఁ బోవుట రాజ్యభారమును మఱచుటకై కావచ్చును. అట్టి విహారమునకు వెనుక నలసట యున్నది. బిడ్డ దేనినుండియు దప్పించుకొనుటకై యాడుట లేదు. ఊపిరివలె నాడుచున్నది.

'లీల' యను నీ మాటనే యడ్డుపెట్టుకొని కొందఱు కఱవును, వ్యాధిని, అన్యాయమును భగవల్లీల యని తృప్తిపడుచుందురు. అది మాకు సమ్మతము కాదు. తోడిపిల్లవానిని గొట్టి యేడ్పించి 'ఆటకే కొట్టితి' నని చెప్పిన బాలుని మాట నింకొక బాలుఁ డొప్పుకొనఁడు; ఎదుటివాఁడు నవ్వనప్పు డది యాట కాదని వారికిఁ దెలియును. ఈపాటి వివేకము మన వేదాంతులకును ఉండవలదా?

పోతన భాగవతములో దశమస్కంధమున గోపబాలురు కృష్ణునిచుట్టుఁ గూర్చుండి చల్దులారగించు ఘట్టము తెలుగువారి కందఱకుఁ బ్రియమైనది. అవతారమును నమ్మువారును నమ్మనివారును దాని నొక్క తీరుగనే చదివి సంతోషింతురు. ఆ పిల్లలు భోజనము చేయుచుండఁగా బ్రహ్మ దూడలను దాఁచివేసెను, పిమ్మటఁ బిల్లలనే దాఁచివేసెను. లోకములు సృజించు పెద్దకే యా యాట యర్థము కాలేదని కథ. కథలో దాఁచినది బ్రహ్మ. మనకాలమునఁ బిల్లల యాటను దాఁచుచున్న వా రెవ్వరు?

దీనికిఁ బూర్వచరిత్ర కొంత చెప్పవలసియున్నది. ఫ్రెడరిక్ ఫ్రోబెల్ అను జర్మనుదేశపు టుపాధ్యాయుఁడు 1782వ సంవత్సరమున జన్మించెను. తొమ్మిదినెలల శిశువై యుండఁగనే తల్లి మరణించెను. ఆ వెలితిని జీవితమంతయు మఱవలేదు. ఆతఁడు 1837లో బ్లాంకెన్‌బర్గ్ అను నూర నతిబాలురకొఱ కొక యాటశాల స్థాపించి, 1840లో దానికిఁ గిండర్‌గార్టెన్, అనఁగాఁ బిల్లలతోఁట, యని పేరిడెను. మొదటి కానుకగా బిడ్డచేతికి రంగురంగుల యున్నిబంతుల నిచ్చెను. రెండవ కానుక చెక్కతోఁ జేసిన గోళమును, ఘనమును, స్తంభాకారపు దిమ్మయు. బిడ్డ యాటలో నీశ్వరుని యేకత్వమే వెలువడునని యాతని నమ్మకము. ఇట్టివాని తోఁటలను 1851లోఁ బ్రష్యాప్రభుత్వము నిషేధించెను! నాస్తికత్వమును, సోషలిజమును బోధించుచున్నవని నేరము మోపిరి. మఱుసంవత్సరముననే ఫ్రోబెల్ చనిపోయెను. 1860లోఁ గాని నిషేధము తొలఁగలేదు. ఉన్నిబంతితో నాడు మూఁడేండ్ల బిడ్డను జూచి రాజ్యము భయపడిన దన్నమాట. నవ్వు వచ్చును గాని, ఆ భయమునకుఁ గారణము లేకపోలేదు. ఒకరి యాజ్ఞ లేక, ఒకరి కూలి యాశింపక సంతోషముగ నుండఁగల ప్రాణిని బాలించుట యెవ్వరికైనను గష్టమే.

తరువాత 1907లో రోమునగరపు పేదలవాడలో మరియా మాంటిసోరి బాలగృహమును దెఱచెను. ఆమె 1939లో మద్రాసునకు వచ్చి యడయారులో నుపాధ్యాయులకు శిక్షణ యిచ్చెను. యుద్ధకాల మంతయు మనదేశముననే గడపెను. బిడ్డ చేయుదానిని ఆట యనక పని యనుటయే యామె కిష్టము. గుజరాతుదేశమున భావనగరములో గిజుభాయి బధేకా 1920లో బాలమందిరమును స్థాపించెను. మన తెలుగుదేశమున న్యాయపతి రాఘవరావుగారును, కామేశ్వరిగారును బాలల సంతోషమే వ్రతముగాఁ బూని 1945లో 'బాల' పత్రికను వెలువరించిరి. వీరందఱకు మనము ఋణపడియున్నారము.

కాని పెద్దల మాటలలోఁ జిన్నది జాఱిపోవుట కలదు. ఆటవలన బుద్ధి పెరుగునని వారు చెప్పఁగా, బుద్ధి పెరుగుటకే యాట యని మనము వింటిమి. నేఁడు బంతి యిచ్చినచో గుండ్రన యనఁగా నేమో చెప్పుమందుము; పూసలిచ్చినచో లెక్కింపుమందుము; ఇసుకలో నాడనిచ్చినచో నక్షరము వ్రాయుమందుము. బిడ్డ గూడు కట్టుచుండఁగాఁ బ్రక్కన నిలిచి 'ఇది యేరంగు? అదియెంత?' యని పరీక్షాధికారివలెఁ బ్రశ్నించు తండ్రి ప్రేమగలవాఁడే. కాని వాని నీడ గూటిమీఁదఁ బడినది. ఆట ఫలమిచ్చుట నిజమే. చెట్టును ఫలముకొఱకే చూచువాని కింకొక చెట్టు నీడ తెలియదు.

మూఁడేండ్లకే బడి, బడినుండి వచ్చినవెంటనే ట్యూషను. 2009నాఁటి విద్యాహక్కు చట్టపు షెడ్యూలులోఁ బాఠశాలకు నాటస్థల ముండవలెనని స్పష్టముగా వ్రాసిరి. 2020నాఁటి జాతీయ విద్యావిధానము ఎనిమిదేండ్లవఱకుఁ జదువు ఆటతోఁ గూడియుండవలె ననినది. కాని మన పట్టణములలోఁ బిల్లలను మేడపై మేడగాఁ బేర్చిన బడులకు వాకిలియే కఱవు. అట్టి బడిలోఁ జోటు దొరకినదని మిఠాయి పంచువారమును మనమే. ఇంటికడ నల్లరి చేయకుండుటకై బిడ్డచేతిలో సెల్లుఫోను పెట్టుదుము. ప్రపంచారోగ్యసంస్థ 2019లో, రెండేండ్లు నిండనివారికిఁ దెఱచూచుట వలదనియు, రెండునుండి నాలుగేండ్లవారికి దినమున కొక గంటకు మించరాదనియుఁ జెప్పినది. మేము కన్నులను గూర్చియు, నిద్రను గూర్చియుఁ జెప్పఁబోము, వైద్యులు చెప్పుదురు. ఆ తెఱలోఁ గనఁబడునది యంతయుఁ బూర్తిచేయఁబడి వచ్చినది. అందు బిడ్డ పాదముంచుటకుఁ దడియిసుక లేదు. బిడ్డ కదలక కూర్చుండును. మనము నెమ్మదిగా నున్నాఁడని మురియుదుము.

పూర్వ మాటను మఱియొక తీరున దొంగిలించిరి. బొమ్మలపెండ్లి యాడు పిల్లకే నిజముగఁ బెండ్లిచేసిరి. మామిడాకు తోరణము, బూరలు, విందు, అన్నియు నాటలోవలెనే యున్నవి. కాని చీఁకటిపడిన పిమ్మట నీ యాట ముగియలేదు. బొమ్మలను బెట్టెలోఁ బెట్టి తల్లికడ కేఁగుటకు వీలు లేకపోయినది. కొందఱా పిల్లలు పుస్తె యనఁగా నేమో యెఱుఁగకమున్నే దాని గోలుపోయి, గాజులు పగులఁగొట్టఁబడి, ఆటలోఁ గూడఁ జేరఁగూడనివారైరి. 1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున వీరేశలింగముపంతులుగారు మొదటి వితంతువివాహము జరిపించినపుడు పురము కల్లోలమైనది. అట్టి ధైర్యములవలననే 1891లో సమ్మతివయస్సు చట్టమును, 1929లో బాలికకుఁ బదునాలుగేండ్లు నిండవలెనను శారదా చట్టమును వచ్చినవి. తరువాత నా వయస్సు పెరుగుచు వచ్చి 1978లోఁ బదునెనిమిదైనది. 2006నాఁటి చట్టము బాల్యవివాహములను మఱింత గట్టిగ నిషేధించినది. అయినను నా దురాచారము నేఁటికిని నిశ్శేషముగఁ బోలేదు. 1989లో నైక్యరాజ్యసమితి యంగీకరించిన బాలలహక్కుల యొడంబడికయందు ముప్పదియొకటవ యధికరణము బిడ్డకు విశ్రాంతియు నాటయు హక్కులని చాటినది. 1992లో మన దేశము దాని కంగీకరించినది. హక్కు లన్నిటిలో నింత వింతది లేదు. ఎవ్వరు నీయనక్కఱలేనిదానిని, హరింపవలదని యొడంబడిక వ్రాసికొనవలసి వచ్చినది.

మనము విద్యావంతులము; బాల్యవివాహము మన యిండ్లలో లేదు; ఆఁడుపిల్లలను జదివించుచున్నాము. అందులకు సంతసింపవలసినదే. కాని సాయంకాలమున మన వీధులలో నొకమాఱు నడచి చూడుఁడు. మగపిల్లలు చీఁకటిపడువఱకు బంతి యాడుచుందురు. వారిని 'పోనిండు, పిల్లలు' అందుము. వారి యక్కలో, చెల్లెండ్రో యెనిమిదవయేటనుండియే లోపలికిఁ బిలువఁబడుదురు. ఒకతె గిన్నెలు తోమవలయును, ఒకతె దీపము పెట్టవలయును, ఒకతె తమ్ముని నెత్తుకొనవలయును. పని నేర్చుకొనుట మంచిదే. మేము దానిని నిందింపము. కాని యాట మగవానికి స్వభావమనియు, ఆఁడుదానికిఁ గాలహరణమనియు మన మెక్కడఁ జదివితిమి? భార్య వంటయింట నుండఁగా వార్తాపత్రిక చదువుచున్న గృహస్థుఁడు లేచి, ఏడాది పిల్లవానిని గంటసేపు తన చంక నెత్తుకొనినచో సంఘసంస్కరణమునకు లోపమేమియు రాదు. ఆ గంట యెవ్వతెకు మిగులునో యాతఁడు కిటికీలోనుండియే చూడవచ్చును.

అంతవఱ కామె యూరకుండలేదు. తొమ్మిదేండ్ల యక్క తమ్మునితోడనే యరుగుమీఁదికి వచ్చును. వానిని బ్రక్కనఁ గూర్చుండఁబెట్టి, వాని చొక్కాకొంగు తన మోఁకాలిక్రింద నదుముకొని, కుడిచేత నచ్చనగాయ లెగురవేయును. ఎడమచేయి వాని వీఁపుమీఁద నుండును. ఒకటి యెగురవేసి రెండేరును, మఱల నెగురవేసి మూఁడేరును. వాఁడు రాయి నోటఁ బెట్టుకొనఁబోఁగాఁ గన్నులు త్రిప్పకయే లాగికొనును. వాఁ డేడ్చును, లోపలినుండి తల్లి కేక వేయును. ఆ పిల్ల నడుమనే లేచి, తమ్ముని జంకకెత్తుకొని, తన వంతు ముగియలేదని చెప్పి లోపలికిఁ బోవును. తక్కినవారు వేఱొకచోటికి జరిగి వేఱు రాళ్లతో నాడుకొనుచుందురు. ఆమె విడిచిన యైదురాళ్లును, ఏవి యెచ్చట పడెనో యచ్చటనే, యెవ్వరును ముట్టక, ఆమె వచ్చునంతవఱకు నరుగుమీఁద నుండును.